భూతానికి మాట వచ్చిన నవల

భయానక సాహిత్యమంటే నాకు చాలాకాలం చిన్నచూపు ఉండేది. శ్మశానాలు, పాడుబడిన కోటలు, అర్ధరాత్రి అడుగుల చప్పుళ్ళు - ఇవన్నీ తీరికున్నవాళ్ళ కాలక్షేపమనీ, బతుకులో ఉన్న భయాలు చాలనట్టు లేని భయాలను కొనితెచ్చుకోవడమనీ అనుకునేవాణ్ణి. ఒక గోష్ఠిలో ఆ మాటే గట్టిగా అన్నాను కూడా. వెనక వరుసలోంచి ఒక విద్యార్థిని లేచి, “మీరు ఫ్రాంకెన్‌స్టైన్ చదివారాండీ?” అని అడిగింది. పాత సినిమా చూశానన్నాను. “ఆ సినిమాలో భూతానికి మాటలు రావు. పుస్తకంలో వస్తాయి” అని కూర్చుంది. సభలో కొందరు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చదవని పుస్తకం మీద తీర్పు చెప్పిన విమర్శకుడికి అంతకంటే మర్యాదయిన చీవాట్లు ఉండవు. ఇంటికి వెళ్ళి పుస్తకం చదివాను. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ వ్యాసం.

ముందు కొంత చరిత్ర చెప్పాలి. ఇంగ్లీషులో గోథిక్ నవల అనే శాఖ 1764లో హొరేస్ వాల్‌పోల్ రాసిన ‘కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలయిందంటారు. మధ్యయుగాల కోటలు, రహస్య ద్వారాలు, వంశాన్ని వెంటాడే పాపాలు దాని సరంజామా. మేరీ షెల్లీ ఆ భయాన్ని ఉంచుకొని దయ్యాన్ని తీసివేసింది. ఆమె సృష్టించిన భూతం శాపం వల్ల పుట్టలేదు. ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి అద్దె గదిలో, అతని చేతుల మీదుగా పుట్టింది. ఈ ఒక్క మార్పుతో కథ పరలోకం నుంచి ఇహలోకానికి దిగింది. శాపానికి జవాబుదారీ ఎవడూ ఉండడు, చేతిపనికి ఉంటాడు.

1815లో, ఇప్పటి ఇండోనీసియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలయింది. ఆ ధూళి ఆకాశాన్ని కమ్మి, మరుసటి ఏడు యూరపులో వేసవి లేకుండా చేసింది. పంటలు పోయాయి; స్విట్జర్లాండులో జనం తిండికి అల్లాడారు. ఆ 1816 జూన్ నెలలో, జెనీవా సరస్సు ఒడ్డున, వానకు బయట కాలుపెట్టలేక ఒక ఇంట్లో చేరిన మిత్రులు తలా ఒక దయ్యం కథ రాయాలనుకున్నారు. ఆ మాట అన్నది కవి బైరన్. అక్కడున్న మేరీ వయసు 18. ఆమె తల్లి మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో స్త్రీల హక్కుల గురించి గ్రంథం రాసిన మనిషి. కూతురు పుట్టిన 11 రోజులకు కన్నుమూసింది. తండ్రి విలియం గాడ్విన్ 1793లో ప్రభుత్వాన్నీ ఆస్తినీ నిలదీస్తూ గ్రంథం రాసినవాడు. మేరీకి పుట్టిన తొలి బిడ్డ నెలలు నిండకుండానే పుట్టి, పేరైనా పెట్టకముందే 1815 మార్చిలో పోయింది. పేరు లేని ప్రాణి ఆమె కలంలోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

నవల 1818 జనవరి 1న మూడు సంపుటాలుగా, 500 ప్రతులుగా వెలువడింది. గాడ్విన్‌కు అంకితం; రచయిత పేరు లేదు. ముందుమాట రాసినవాడు ఆమె భర్త, కవి పెర్సీ షెల్లీ. వాల్టర్ స్కాట్ దాన్ని మెచ్చుకుంటూ సమీక్షించాడు గాని, రాసింది పెర్సీ షెల్లీయే అనుకున్నాడు. ఇరవయ్యేళ్ళ స్త్రీ అంత పని చేసి ఉంటుందని ఆయనకు తోచలేదు.

అది ఎలాంటి కాలం? 1811 నుంచి ఇంగ్లండులో నేతపనివాళ్ళు తమ కూడు తీసిన యంత్రాలను విరగగొడుతున్నారు. 1812లో, యంత్రం విరిచినవాడికి ఉరిశిక్ష విధించే చట్టం వచ్చింది. ప్రభువుల సభలో బైరన్ చేసిన మొట్టమొదటి ప్రసంగం ఆ చట్టానికి వ్యతిరేకంగానే. కనుక భూతమంటే కార్మికవర్గం, దాన్ని తయారుచేసినవాడు పెట్టుబడిదారు అని సమీకరణం వేయడం సులువు. నాకూ ఆ ప్రలోభం కలిగింది. కాని నవల లెక్కల పుస్తకం కాదు. పాత్రలకు చీటీలు అతికించి చేతులు దులుపుకోవడం అభ్యుదయ విమర్శకు ఎన్నడూ మేలు చేయలేదు. నవల ఏం చెప్పిందో అది ముందు చూడాలి.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది తయారుచేసినవాడి పేరు. తయారయినవాడికి పేరే లేదు. మరి ఏమనాలి? రాక్షసుడంటే కుదరదు. మన పురాణాల్లో రాక్షసుడికి వంశం ఉంది, తపస్సు ఉంది, వరాలున్నాయి. రావణుడికయితే పాండిత్యమూ ఉంది. ఇతనికి ఏవీ లేవు. భూతం అన్నమాటే దగ్గర. సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం పుట్టినది, ఉన్నది అని. దయ్యమనే అర్థం కూడా దానికే పట్టింది. పుట్టిన ప్రాణి ఎలా దయ్యమయింది అన్నదే ఈ నవల గనుక, ఈ మాట దానికి సరిపోతుంది.

మరొక చిక్కు మన వ్యాకరణం తెచ్చిపెడుతుంది. తెలుగులో సర్వనామం వాడాలంటే ఎదుటిది మనిషా కాదా అన్నది ముందే తేల్చుకోవాలి. చదవడం మొదలుపెట్టినప్పుడు నా కాగితాల మీద ‘అది’ అని రాసుకున్నాను. పూర్తయ్యేసరికి ‘అతడు’ అని రాస్తున్నాను. ఎక్కడ మారిందా అని వెనక్కి తిరగేసి చూస్తే, ఆల్ప్స్ కొండల్లో, మంచు మైదానం మీద, తనను చేసినవాడి ఎదుట నిలబడి తన కథ విని తీరాలని అడిగిన చోట మారింది. నేను బుద్ధిపూర్వకంగా మార్చింది కాదు. మాట్లాడేవాణ్ణి ‘అది’ అనడానికి చెయ్యి రాలేదు.

ఇక నవలలోని నేరం ఏమిటి? మనిషి దేవుడి పని చేయబోయాడు, అందుకు శిక్ష అనుభవించాడు - ఇదీ లోకంలో చెల్లుబాటయిన అర్థం. నవల ఉపశీర్షికలో ప్రొమీథియస్ పేరుంది. దేవతల నిప్పు దొంగిలించి మనిషికిచ్చినవాడు, ఇంకో గాథలో మట్టితో మనిషినే చేసినవాడు. కనుక విజ్ఞానం హద్దు మీరరాదన్నదే దీని నీతి అంటారు. విజ్ఞానశాస్త్రం మీద అనుమానం పెంచాలనుకున్న ప్రతివాడికీ ఈ నవల చేతికర్ర అయింది. అభ్యుదయవాదులు కొందరు దీన్ని పక్కకు నెట్టడానికీ అదే కారణం.

కాని కథను వరసగా చూడండి. ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో విక్టర్ దాదాపు రెండేళ్ళు నిద్రాహారాలు మాని పనిచేస్తాడు. నవంబరు రాత్రి ప్రాణి కళ్ళు తెరుస్తుంది. అది అందవికారంగా ఉందని అతను గదిలోంచి పారిపోతాడు, పోయి పడుకుంటాడు! ప్రాణి వెతుక్కుంటూ పక్క దగ్గరికి వచ్చి చెయ్యి చాపుతుంది. అతను మళ్ళీ పారిపోతాడు. మర్నాడు గది ఖాళీగా ఉంటే, పీడ విరగడయిందని సంతోషిస్తాడు. అప్పటికి ఆ ప్రాణి ఎవరికీ ఏ కీడూ చేయలేదు. దాని వయసు ఒక్క రాత్రి. తప్పు ప్రాణం పోయడంలో లేదు. ప్రాణం పోసి పారిపోవడంలో ఉంది. పురిటి మంచం మీద తల్లిని పోగొట్టుకున్న ఆడది, పసిబిడ్డను పోగొట్టుకున్న ఆడది రాసిన నవలలో, కనడం నేరమవుతుందా? వదిలేయడమే నేరం.

వదిలేసిన ప్రాణి ఏం చేసింది? అడవిలో చలికి వణికింది. ఎవరో వదిలిపోయిన నెగడు చూసి, వెచ్చగా ఉందని చెయ్యి పెట్టి కాల్చుకుంది. చివరికి డి లేసీ అనే కుటుంబం ఇంటికి ఆనుకొని ఉన్న పాకలో తలదాచుకుంది. ఆ ఇంటివాళ్ళు పేదరికంలో ఉన్నారని గ్రహించి, వాళ్ళ ఆహారం దొంగిలించడం మానేసి, రాత్రిళ్ళు అడవికిపోయి కట్టెలు కొట్టి వాకిట్లో పెట్టింది. గోడ సందులోంచి వింటూ భాష నేర్చుకుంది. ఆ ఇంటికి వచ్చిన సఫీ అనే అమ్మాయికి ఫ్రెంచి రచయిత వోల్నీ రాసిన చరిత్ర చదివి వినిపిస్తుంటే, తనూ విన్నది. అమెరికా ఆదివాసుల గతి విని సఫీతో పాటు కన్నీరు పెట్టుకుంది. ఆస్తి ఎలా పంచుకున్నారో, కొందరికి అపారమైన సంపదా కొందరికి దరిద్రమూ ఎలా వచ్చాయో, పుట్టుకకూ హోదాకూ లోకంలో ఏ విలువ ఉందో తెలుసుకుంది. డబ్బూ, వంశమూ - ఈ రెంటిలో ఏ ఒక్కటీ లేనివాడి బతుకు ఇతరుల లాభం కోసం అరిగిపోవలసిందేనని దానికి అర్థమవుతుంది. వెంటనే తనవైపు చూసుకుంటుంది: డబ్బు లేదు, వంశం లేదు, ఆస్తి లేదు, ఆఖరికి మనిషి ముఖమూ లేదు. గోడ చాటున నిలబడి చదువు విన్నవాళ్ళ చరిత్ర మన దేశానికి కొత్త కాదు. అందుకే ఈ ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాను.

ఆ ఇంటి పెద్ద గుడ్డివాడు. ఒక రోజు అతను ఒంటరిగా ఉండగా ప్రాణి వెళ్ళి మాట్లాడుతుంది. ముసలాయన ఆదరంగా వింటాడు. చూడలేడు గనుక వినగలిగాడు. అంతలో కొడుకు ఫెలిక్స్ వచ్చి, ఒక్క మాటయినా అడగకుండా కర్రతో కొడతాడు. తర్వాత నదిలో కొట్టుకుపోతున్న పిల్లను కాపాడితే తుపాకీ గుండు బహుమానమయింది. అతడు హంతకుడయింది ఆ తర్వాత. అతడు చేసిన హత్యలను మేరీ షెల్లీ సమర్థించదు, నేనూ సమర్థించను. విక్టర్ తమ్ముడు చిన్న పిల్లవాడు. వాడి చావుకు ఏ న్యాయమూ లేదు. కాని దుర్మార్గం పుట్టుకతో రాలేదు, అనుభవంతో వచ్చింది అన్నది నవల చాలా ఓపికగా, మెట్టు మెట్టుగా చూపిస్తుంది.

ఆ హత్యానేరం ఎవరి మెడకు చుట్టుకుంది? ఇంటి పనిమనిషి జస్టిన్ మెడకు. ఆమె చేయని నేరాన్ని, మతగురువు నరకం పేరు చెప్పి బెదిరిస్తే, ఒప్పుకుంటుంది. న్యాయాధిపతులు ఉరి వేస్తారు. అసలు హంతకుడెవరో విక్టర్ ఎరుగును. ఎరిగీ నోరు విప్పడు. చెప్తే పిచ్చివాడంటారని ఊరుకుంటాడు. పెద్దింటి బిడ్డ పరువు కోసం పనిమనిషి ప్రాణం పోయింది. ఆ తర్వాత అతను పేజీలకు పేజీలు తన దుఃఖాన్ని వర్ణించుకుంటాడు. ఆ వర్ణనకు మోసపోయి అతన్ని విషాద నాయకుడనే విమర్శకులు జస్టిన్‌ను మరిచిపోతారు.

ఇంత స్పష్టంగా ఉన్న నవలకు ఆ తలకిందుల అర్థం ఎలా వచ్చింది? ఇదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం. పుస్తకానికి కోరలు తీశారు. ఆ పని నాలుగు దఫాలుగా జరిగింది.

మొదటిది 1823లో. లండనులో ఈ కథను నాటకంగా ఆడారు. ఆ నాటకానికి పెట్టిన పేరుకు అర్థం ‘అహంకారం’. పేరులోనే తీర్పు చెప్పేశారు: నేరం వదిలేయడం కాదు, గర్వమట. భూతం పాత్రధారికి మాటలు లేవు, మూగ అభినయమే. పాత్రల పట్టికలో అతని పేరు ఉండవలసిన చోట గీతలు మాత్రమే ఉన్నాయి. మేరీ షెల్లీ ఆ నాటకం చూసి, పేరు లేనివాడికి గీతలు పెట్టడం బాగుందని మెచ్చుకుంది. ఆ గీతలు బాగానే ఉన్నాయి. గొంతు కోసివేయడం బాగా లేదు.

రెండోది 1824 మార్చిలో, పార్లమెంటులో. అంతకు ముందు ఏడు, 1823 ఆగస్టులో, దక్షిణ అమెరికాలోని డెమెరారాలో వేలమంది నల్ల బానిసలు తిరగబడ్డారు. బానిసలకు విముక్తి ఇవ్వాలా అన్న చర్చలో విదేశాంగ మంత్రి జార్జి కానింగ్ ఈ నవలను ఉదాహరించాడు. బానిసకు ఒంటి బలం ఉంది గాని బుద్ధి ఎదగలేదు, ఇప్పుడే వదిలిపెడితే ఆ కథలోని భూతాన్ని వదిలినట్టవుతుందని అతని వాదన. ప్లూటార్క్‌నూ మిల్టన్‌నూ చదివి, తన హక్కు తాను వాదించుకున్న ప్రాణిని, ఎదగని పశుబలానికి ఉపమానం చేశాడు! మూగవాణ్ణి చేస్తే తప్ప ఈ ఉపమానం కుదరదు. ఆ పని నాటకం ముందే చేసిపెట్టింది. 1833లో బానిసత్వం రద్దు చేసినప్పుడు రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చారు - బానిసలకు కాదు, యజమానులకు. ఆ చెరకు తోటల్లో కొరత తీర్చడానికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడలెక్కించారు. మారిషస్ చేరిన తెలుగువాళ్ళకు కోరంగి రేవు పేరే ఇంటిపేరయింది. అందుచేత కానింగ్ మాట మనకు సంబంధం లేని పరాయి ముచ్చట కాదు.

మూడోది 1831లో, ఇది అన్నిటికంటె బాధాకరం, ఎందుకంటే చేసింది రచయిత్రే. అప్పటికి భర్త పోయాడు, పిల్లల్లో ఒక్కడే మిగిలాడు, కలం మీదనే జీవనం. కొత్త కూర్పులో ఆమె చాలా చోట్ల మార్చింది. 1818లో విక్టర్ తన ఇష్టంతో తప్పుదారి పట్టినవాడు. 1831లో విధి చేతిలో కీలుబొమ్మ. విధి! మన దేశంలో ఈ మాట ఎన్ని నేరాలకు ముసుగయిందో చెప్పనక్కరలేదు. కష్టాలు ఆమెను అలా ఆలోచింపజేశాయని అర్థం చేసుకోగలను. ఆ మార్పును మాత్రం ఒప్పుకోలేను. చదవదలచినవారు 1818 ప్రతినే వెతికి చదవాలని నా మనవి.

నాలుగోది 1931లో, హాలీవుడ్ సినిమాలో. జేమ్స్ వేల్ దర్శకత్వం, బోరిస్ కార్లాఫ్ నటన గొప్పవే. ఆ నటుడి కళ్ళలో దైన్యం ఇప్పటికీ కదిలిస్తుంది. కాని కథలో ఒక కొత్త సంగతి చేర్చారు: సహాయకుడు మంచి మెదడు ఉన్న సీసా జారవిడిచి, నేరస్థుడి మెదడు పట్టుకొస్తాడు. అంటే దోషం పుట్టుకలోనే ఉందన్నమాట! సమాజం ఏం చేసిందన్న ప్రశ్నే లేకుండా పోయింది. నవల ఏ సిద్ధాంతాన్ని ఖండించడానికి పుట్టిందో, ఆ సిద్ధాంతాన్నే దాని పేరు మీద తెరకెక్కించారు. మనిషి విలువ పుట్టుకతోనే నిర్ణయమయిందని వేల ఏళ్ళుగా వింటున్న మనకు ఆ సీసా కొత్తగా కనిపించదు.

నవలలో లోపాలు లేవా? ఉన్నాయి. భూతానికి న్యాయం చేసిన రచయిత్రి ఆసియావాసులకు చేయలేదు. ఆ చరిత్ర పాఠంలోనే ఆసియా జనం సోమరులన్న మాట దొర్లుతుంది. సఫీ తండ్రి అయిన తురుష్కుణ్ణి నమ్మకద్రోహిగా చిత్రించింది. ముఖం చూసి తీర్పు చెప్పవద్దన్న పుస్తకమే ఒక జాతి ముఖం చూసి తీర్పు చెప్పింది. రెండో లోపం ఇంకా లోతయినది. భూతానికి తోడు లేదు. తనలాంటి స్త్రీని చేసి ఇమ్మని అడిగితే విక్టర్ ఒప్పుకొని, ఆర్క్‌నీ దీవుల్లో సగం చేసి, వాళ్ళకు సంతానం కలిగి భూమి నిండిపోతుందన్న భయంతో అతని కళ్ళముందే ఆ దేహాన్ని చీల్చివేస్తాడు. వాళ్ళు ఒకరు కాక ఇద్దరవుతారన్నదే అసలు భయం! ఆ భయాన్ని మేరీ షెల్లీ అద్భుతంగా పట్టుకుంది. కాని ఒంటరివాడికి ప్రతీకారం తప్ప మరో దారి ఆమె చూపలేకపోయింది. ఒంటరి ఆగ్రహం విక్టర్ మిత్రుణ్ణి చంపింది, పెళ్ళినాటి రాత్రే అతని భార్యను చంపింది. ఏ అన్యాయమూ దానివల్ల తొలగలేదు.

చూపలేకపోయింది అన్నాను గాని, పుస్తకం చివర ఒక చిన్న ఘట్టం ఉంది. కథ మొత్తాన్నీ మనకు చేరవేసేవాడు వాల్టన్ అనే ఓడ నాయకుడు. ఉత్తర ధ్రువం చేరి కీర్తి గడించాలని అతని తపన, విక్టర్ లాంటివాడే. ఓడ మంచులో చిక్కుకుంటుంది. కొందరు నావికులు చనిపోతారు. మిగిలినవాళ్ళ ప్రతినిధులు గదిలోకి వచ్చి, దారి విడితే ఇంటికి మళ్ళిస్తానని మాట ఇమ్మని అడుగుతారు. చావు పక్కమీద ఉన్న విక్టర్ లేచి, పిరికివాళ్ళని వాళ్ళను దులిపేస్తాడు. గొప్ప ఉపన్యాసమది, వింటే ఎవరికయినా రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కాని మంచులో గడ్డకట్టేది ఎవరి ఒళ్ళు? నావికులు తమ కోరిక వదులుకోలేదు. వాల్టన్ తలవంచి ఓడ తిప్పుతాడు. ఇష్టంతో కాదు, ఏడుస్తూ. అయినా తిప్పుతాడు.

నవల మొత్తంలో ఒక పెద్దమనిషి ఆశయం వల్ల కింది మనుషులు చావకుండా బయటపడింది ఈ ఒక్కసారే. కారణం అతని మంచితనం కాదు. వాళ్ళు కలిసి వచ్చి అడగడం. భూతానికి వాళ్ళందరికంటె గొప్ప వాగ్ధాటి ఉంది. లేనిది పక్కన నిలబడే మనిషి.

ఎవరు దేవుడు, ఎవరు రాక్షసుడు అన్న ప్రశ్నను తిరగవేసి అడగడం తెలుగువాళ్ళకు అలవాటే. త్రిపురనేని రామస్వామి ‘శంబుకవధ’లో అడిగాడు, నార్ల వెంకటేశ్వరరావు ‘సీతజోస్యం’లో అడిగాడు. వాళ్ళను చదివినవాడు ఈ నవలను దయ్యాల కథ అని తోసివేయకూడదు. నేను తోసివేశాను, అది నా పొరపాటు. గోష్ఠిలో నన్ను ప్రశ్నించిన ఆ అమ్మాయికి ఈ సంచిక ప్రతి ఒకటి పంపుతున్నాను. ఎవరినయినా భూతమని చూపిస్తున్నప్పుడు, అతడికి మాటలు రావా, లేక మనమే గొంతు తీసేశామా అని ముందు విచారించుకోవాలని ఆమె ఒక్క వాక్యంలో నేర్పింది.